బారువడ్డీ, చక్రవడ్డీ: అప్పు పెరుగు రెండు తీరులు
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పశువుల రోగములను గూర్చియు రైతుల సభలలో తఱచుగా ఉపన్యాసములు జరుగుచుండును. నేటి విషయము వానిలో ఏదియు కాదు. పొలములో పెరుగునవి కాక, సాహుకారు పెట్టెలో కాగితముమీద పెరుగునది యొకటి కలదు. దానికి వాన అక్కఱలేదు. దున్నుట, కలుపు తీయుట అక్కఱలేదు. కఱవు వచ్చినను అది ఎండదు, చీడ పట్టినను అది చావదు. అది వడ్డీ. పైరును చూచినంతనే దాని మంచిచెడ్డలు చెప్పగల రైతు, వడ్డీ విషయమున మాత్రము ఇతరులు చదివి వినిపించిన మొత్తమునకు తలయూపి వ్రేలిముద్ర వేయును. చదువుకొన్న పట్టాదారులలో సైతము ఈ లెక్కను తుదివఱకు తామే వేసి చూచినవారు అరుదు. లెక్క కష్టమైనది కాదు. కూడుటయు, హెచ్చవేయుటయు తెలిసిన చాలును.

పెరుగుదల రెండు విధములు. ఒక రైతు తన చెలకకు రాతికట్ట పెట్టుచున్నాడనుకొందురు గాక. దినమునకు నాలుగు మూరల కట్ట లేచును. పది దినములకు నలువది మూరలు, ఇరువది దినములకు ఎనుబది మూరలు. మొదటి దినమున పెట్టినది ఎంతో, ఇరువదవ దినమున పెట్టినదియు అంతే. నిన్న కట్టిన కట్ట నేడు తానై మఱియొక మూర కట్టదు. ఇది యొక విధము. అదే రైతు ఇంట నాలుగు మేకలున్నవి. అవి ఈనిన పిల్లలు పెద్దవై, అవియు ఈనును. వాని పిల్లలును అట్లే. ఇందు మంద యెంత పెద్దదో ఆ యేటి పెరుగుదలయు అంత పెద్దది. పుట్టినది తాను మఱల పుట్టించుచున్నది. ఇది రెండవ విధము. కట్టవలె పెరుగునది యేదో, మందవలె పెరుగునది యేదో గుర్తించుటయే ఈ ఉపన్యాసమునందలి విషయమంతయు.

కట్టవలె పెరుగు వడ్డీకి బారువడ్డీ యని పేరు. బారు అనగా వంకర లేక సాగిన వరుస. అసలుమీద మాత్రమే వడ్డీ లెక్కకు వచ్చును. వడ్డీమీద వడ్డీ రాదు. మందవలె పెరుగుదానికి చక్రవడ్డీ యని పేరు. గడువు తీఱినపుడు చెల్లని వడ్డీ అసలులో కలిసి, తానును అసలై వడ్డీని ఈనును. గణితమున మొదటిదానిని అంకశ్రేఢి యనియు, రెండవదానిని గుణశ్రేఢి యనియు అందురు. ఈ విద్య పరదేశములనుండి నేర్చినది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమునందు వడ్డీ లెక్కలు పెక్కు కలవు. ఆ గ్రంథమును ఆధారముగా గొని పావులూరి మల్లన తెలుగున గణితము రచించెను. కావున ఈ లెక్క తెలుగువారికి ప్రాతదే. రైతు ఇంటికి మాత్రము అది చేరలేదు.

ఇక అంకెలు చూడవలెను. ఒక రైతు నూఱు రూపాయలు అప్పు తెచ్చెను. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, అనగా ఏటికి 24 రూపాయలు. ఏమియు చెల్లింపలేదు. లెక్క సులభముగా ఉండుటకై రూపాయిలోని చిల్లర ఇచ్చట విడువబడినది. బారువడ్డీ యైనచో మొదటి యేటి చివర బాకీ 124. చక్రవడ్డీ యైనను 124. భేదము లేదు. రెండవ యేటి చివర బారువడ్డీకి 148, చక్రవడ్డీకి 154. ఆఱు రూపాయల భేదము. ఆ మాత్రమునకు సాహుకారుతో తగవు పెట్టుకొనువాడు ఉండడు. మూడవ యేట 172కు 191. ఇందాకను రైతు మనస్సునకు రెండును ఒకటిగానే తోచును. అప్పు చేయువేళ ఎవ్వరును మూడేండ్లకంటె ముందునకు చూడరు గనుక, చక్రవడ్డీ ప్రమాదకరమని పైకి కానరాదు. ఇదియే దాని స్వభావమందలి మర్మము.

అయిదవ యేట 220కి 293. ఏడవ యేట 268కి 451. పదవ యేటి చివర బారువడ్డీకి బాకీ 340, చక్రవడ్డీకి 859. ఈ చివరి యేడును మాత్రము విడదీసి చూడవలెను. తొమ్మిదవ యేటి చివర 693 ఉన్నది పదవ యేట 859 ఆయెను. ఒక్క యేటి వడ్డీ 166 రూపాయలు. తెచ్చినది నూఱు; ఒక్క యేట పెరిగినది దానికంటె ఎక్కువ. బారువడ్డీ పదవ యేటను ఆ 24 రూపాయలే పెరిగినది. ఇరువది యేండ్లు గడచినచో బారువడ్డీకి 580, చక్రవడ్డీకి 7,386. ఈ రెండవ అంకెను విని నమ్మనివారు ఇంటికి పోయి స్వయముగా హెచ్చవేసి చూచుకొనవచ్చును. నూటిని 1.24తో ఇరువదిమాఱులు హెచ్చవేయవలెను; అంతే.

అంత లెక్క వేయుటకు తీఱికలేనివారికి ఒక సులువు కలదు. డెబ్బదిరెండును ఏటి వడ్డీచే భాగించినచో, చక్రవడ్డీమీద బాకీ రెట్టింపగుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఇంచుమించుగా తెలియును. నూటికి నెలకు రూపాయి యనగా ఏటికి 12. డెబ్బదిరెండును పండ్రెండుచే భాగింప ఆఱు. ఆఱేండ్లకు రెట్టింపు. నెలకు రూపాయిన్నర యైనచో నాలుగేండ్లకు. రెండు రూపాయలైనచో మూడేండ్లకు పైన కొన్ని నెలలకు. ఈ సూత్రము ఇటలీ దేశపు లూకా పాచియోలీ 1494లో ప్రకటించిన గణితగ్రంథమునందు కానవచ్చుచున్నది. ఆ దేశపు వర్తకులకు ఉపయోగించినది ఇచ్చటి రైతునకును ఉపయోగించును. వడ్డీకి దేశభేదము లేదు.

రూపాయి వడ్డీని జనులు సామాన్యముగా ధర్మవడ్డీ యందురు. తండ్రి నూఱు రూపాయలు రూపాయి వడ్డీకి తెచ్చి, తీర్పక, కుమారునకు విడిచి పోయెననుకొన్నచో, ముప్పదియేండ్లకు బారువడ్డీమీద 460. చక్రవడ్డీమీద ఆఱేండ్లకొక రెట్టింపు చొప్పున అయిదు రెట్టింపులు. కచ్చితముగా లెక్కించినచో 2,996. వడ్డీ దరయందు అధర్మమేమియు లేదు. అసలులో వడ్డీ కలియుటయందే ఉన్నది. నెలకు ఎంత యని బేరమాడి పావలా తగ్గించుకొని సంతోషించు రైతు, వడ్డీ ఎప్పుడెప్పుడు అసలులో కలియునని మాత్రము అడుగడు. అడుగవలసినది అదియే. 24 దరకే ఏటికొకమాఱు కలిపినచో పదియేండ్లకు 859. ఆఱు నెలలకొకమాఱు కలిపినచో 965. నెలనెలకు కలిపినచో 1,077. దర మాఱలేదు, కలుపు కాలము మాత్రమే మాఱినది.

ధాన్యపు అప్పు సంగతి మఱియు తీవ్రము. తెలంగాణమున నాగు అను పేర ధాన్యమును అప్పిచ్చు వాడుక చిరకాలము ఉండెను. విత్తుకాలమున తెచ్చి కల్లమున కొలుచుట. రెండు కుంచములకు మూడు కుంచములు కొలుచు నాగు ఎట్లు పెరుగునో చూడుడు. రైతు 32 కుంచములు తెచ్చెను. పంట పోయెను; కొలువలేదు. 48 కుంచముల బాకీ మఱుసటి యేటికి అసలుగా మాఱెను. అట్లు కొలువకయే అయిదేండ్లు గడచినచో 48, 72, 108, 162, 243. పుట్టికి ఇరువది తూములు, తూమునకు నాలుగు కుంచములు అను కొలతను బట్టి చూచినచో, తెచ్చినది ఎనిమిది తూములు. కొలువవలసినది మూడు పుట్ల మూడు కుంచములు. వడ్డీమీద వడ్డీ లేకున్నచో అది 112 కుంచములు, అనగా పుట్టి ఎనిమిది తూములు మాత్రమే.

ఇచ్చట ధాన్యము ఇచ్చువాని వాదమును కూడ వినుట న్యాయము. విత్తుకాలమున ధాన్యపు ధర హెచ్చు. కల్లమున ధర తగ్గు. ఆనాడు ఇచ్చిన రెండు కుంచముల వెల, ఈనాడు పుచ్చుకొన్న మూడు కుంచముల వెలకు సమీపముగా ఉండవచ్చునని వారందురు. ఒక పంటకు ఆ మాటలో కొంత నిజము కలదు. కాని బాకీ నిలిచి, రెండవ యేటికి, మూడవ యేటికి పోయినపుడు ఆ నిజము మిగులదు. ధరలు విత్తుకాలమున ఎక్కి కల్లమున దిగును, మఱల ఎక్కును. అవి ఏటేటా ఒక్కచోటికే వచ్చుచుండును. బాకీ యట్లు దిగదు. పైగా విత్తునాటినుండి కల్లమువఱకు గడచునది అయిదాఱు నెలలే; ఏటికి సగము వడ్డీ యని చెప్పబడునది నిజమునకు అర్ధసంవత్సరపు వడ్డీ.

ఇంతవఱకు చెప్పినది పత్రమున చక్రవడ్డీ యని స్పష్టముగా వ్రాసియుండు అప్పులను గూర్చి. అట్టివి తక్కువ. రైతులు వ్రాసియిచ్చిన తమస్సుకులలో పెక్కింటియందు బారువడ్డీ యనియే ఉండును. ఆ మాటను చూచి రైతు ధైర్యముగా ఉండును. ఆ ధైర్యము ఎట్లు చెడునో శ్రద్ధగా వినవలెను.

ఒక రైతు ఎద్దును కొనుటకు నూఱు రూపాయలు తెచ్చెను. రెండు రూపాయల బారువడ్డీ, మూడేండ్ల గడువు. గడువు తీఱునప్పటికి అసలు 100, వడ్డీ 72. చేతిలో రూకలు లేవు. సాహుకారు మర్యాదస్థుడు; కోపపడలేదు. పాత తమస్సుకు త్రోసివేసి, 172 రూపాయలకు క్రొత్త తమస్సుకు వ్రాయించుకొనెను. అందును బారువడ్డీయే. మఱి మూడేండ్లకు వడ్డీ 124, మొత్తము 296. మఱల తిరగవ్రాసిరి. తొమ్మిదవ యేట 509. మఱల తిరగవ్రాసిరి. పండ్రెండవ యేటి చివర 875. ఆ నాలుగు తమస్సుకులను వరుసగా పఱచి చూచినను చక్రవడ్డీ అను మాట ఎచ్చటను కానరాదు. పండ్రెండేండ్లకు నిజమైన బారువడ్డీ 288, అసలుతో 388. తక్కిన 487 రూపాయలు కలము మూడుమాఱులు కదలుటవలన పుట్టినవి. ఇది వంచన యనుటకు వీలులేదు. ప్రతి తమస్సుకును రైతు సమ్మతించియే వ్రాసియిచ్చెను. చట్టము దృష్టిలో 172 అసలే.

అదే రైతు మూడవ యేట ఏదో యొక దూడను అమ్మియో, భార్య కడియములను తాకట్టు విడువకుండ అమ్మియో, ఆ 72 రూపాయలు చెల్లించి, నూటికి మాత్రమే తిరిగి వ్రాసియిచ్చి, ప్రతి మూడేండ్లకు అట్లే చేసినచో, పండ్రెండేండ్లలో అతడు చెల్లించినది నాలుగు మాఱులు 72, చివర నూఱు, వెరసి 388. దూడను అమ్ముట రైతునకు కష్టమే. అమ్మకపోవుటకు వెల యెంతయో తెలిసిన పిమ్మట ఏది చేయవలెనో అతడే నిర్ణయించుకొనును.

ఈ తిరగవ్రాతల వాడుక ఒక ప్రాంతమును ఎట్లు కలచివేసినదో చెప్పుట అవసరము. నిజాము రాష్ట్రపు మరాఠ్వాడా జిల్లాలకు పొరుగైన పూనా, అహమదునగరు జిల్లాలలో, అమెరికా అంతర్యుద్ధకాలమున (1861-65) ప్రత్తి ధర పెరుగగా రైతులకు అప్పు సులభముగా దొరకెను. యుద్ధము ముగిసినది, ధర పడిపోయినది, అప్పు మిగిలినది. అంతకు పూర్వము 1859లో బ్రిటిషు ఇండియాలో దావా గడువు చట్టము వచ్చియుండెను. రిజిస్టరీ కాని తమస్సుకుపై మూడేండ్లలోగా దావా వేయవలెనని అది నియమించెను. ఏండ్ల తరబడి పాతబాకీలు మోపకుండ రైతును కాపాడుట దాని యుద్దేశము. ఫలమో వేఱు. గడువు దాటకుండుటకై సాహుకారులు మూడేండ్లకొకమాఱు, వడ్డీని అసలులో కలిపి, క్రొత్త తమస్సుకులు వ్రాయించుకొనిరి. రైతును రక్షింప వచ్చిన చట్టమే బారువడ్డీని చక్రవడ్డీగా మార్చు గడియారమాయెను. 1875 మే 12న పూనా జిల్లాలోని సూపా గ్రామమున అలజడి చెలరేగి, పెక్కు గ్రామములకు వ్యాపించెను. దుకాణములు దోపిడి యైన తావులు ఉన్నవి. కాని రైతులు ముఖ్యముగా కోరినది తమస్సుకులను, డిక్రీలను. చేజిక్కినవానిని కాల్చివేసిరి. విచారణసంఘము దీనినంతయు పరిశీలించినది. 1879లో వచ్చిన దక్కను వ్యవసాయదారుల చట్టము దావా గడువును పొడిగించెను. తమస్సుకులోని మొత్తమును చూచి ఊరకుండక, మొదట చేతికిచ్చినది యెంత, నడుమ చెల్లినది యెంత యని న్యాయస్థానము వెనుకకు పోయి లెక్క చూడవచ్చునని అధికార మిచ్చెను. పదునాఱేండ్లకంటె పాతబడిన చట్టమును సరిదిద్దుటకు అన్ని తమస్సుకులు కాలవలసివచ్చినది.

కొందఱు రైతులు అనవచ్చును: ఏమియు చెల్లింపనివాని సంగతి యిది, ఏటేటా ఎంతో కొంత కట్టుచున్నవానికి ఈ భయమేల? ఈ ప్రశ్నకు సమాధానము అన్నిటికంటె ముఖ్యమైనది. మిక్కిలి మంది రైతులు ఉన్నది ఈ స్థితిలోనే.

నూఱు రూపాయల అప్పు, ఏటికి 24 వడ్డీ, చెల్లని వడ్డీ అసలులో కలియును అనుకొందురు గాక. ముగ్గురు రైతులు ఈ అప్పునే తెచ్చిరి. మొదటివాడు ఏటేటా, ఒక్క యేడైనను తప్పక, 24 రూపాయలు చెల్లించెను. తొమ్మిదేండ్ల పిమ్మట అతని బాకీ నూఱు. తగ్గలేదు, పెరుగలేదు. రెండవవాడు ఏటేటా 20 రూపాయలు చెల్లించెను. నాలుగు రూపాయలే కదా తక్కువ యని అతడు తలచెను. మొదటి యేటి చివర బాకీ 104. అయిదవ యేటికి 132. తొమ్మిదవ యేటికి 199. అతడు తొమ్మిదేండ్లలో 180 రూపాయలు సాహుకారు చేత పెట్టెను; తెచ్చిన నూఱు రెట్టింపుగా నిలిచియున్నది. మూడవవాడు ఏటేటా 28 చెల్లించెను. మొదటి యేటి చివర బాకీ 96. అయిదవ యేటికి 68. తొమ్మిదవ యేటికి ఒక్క రూపాయి.

ఇది చదువువాని తప్పుగా వినువారికి తోచవచ్చును; తప్పు కాదు. రెండవవానికిని మూడవవానికిని ఏటికి భేదము ఎనిమిది రూపాయలు. తొమ్మిదేండ్లలో మూడవవాడు ఎక్కువగా చెల్లించినది 72 రూపాయలు. వారి బాకీలలోని భేదము 198 రూపాయలు. ఏటి వడ్డీ అనునది నీటిని రెండుప్రక్కలకు పంచు గట్టు వంటిది. గట్టుకు ఇటువైపు జానెడు దూరమున పడిన చినుకు ఈ చెఱువునకు పోవును. అటువైపు పడినది మఱియొక చెఱువునకు పోవును. పడినచోట వానికి ఎడము జానెడే. అప్పు తీర్చుటయందును అట్లే. వడ్డీకంటె నాలుగు రూపాయలు తక్కువ కట్టువాడు, ఆ నాలుగింటికిని మఱుసటి యేట వడ్డీ మోయును, ఆ వడ్డీకి ఆ మఱుసటి యేట. వడ్డీకంటె నాలుగు ఎక్కువ కట్టువానికి అదే చక్రము వెనుకకు తిరుగును; తగ్గిన అసలుపై తగ్గిన వడ్డీ, అందుచే మఱుసటి యేట అసలు మఱికొంత తగ్గును. చక్రవడ్డీ రైతునకు శత్రువని మాత్రమే తలచువారు ఈ సంగతిని గమనింపరు. ఏ వైపునకు తిరుగునో ఆ నాలుగు రూపాయలు నిర్ణయించును.

కావున ఏ రైతైనను తన అప్పును గూర్చి మొట్టమొదట తెలిసికొనవలసిన అంకె, మొత్తము బాకీ యెంత యనునది కాదు; ఈ యేటి వడ్డీ యెంత యనునది. చెల్లించునది దానికంటె హెచ్చుగా ఉన్నదా లేదా యని చూడవలెను. పలువురివద్ద చిల్లర అప్పులున్నవాడు తన శక్తిని అందఱికిని సమముగా పంచి, ఏ యొక్కనికిని వడ్డీయైన పూర్తిగా కట్టకుండుట తఱచు. అందఱివద్దను మాట దక్కినట్లే యుండును; అన్ని బాకీలును పెరుగుచునే యుండును. అందఱికిని వడ్డీ మాత్రము కట్టి, మిగిలినది హెచ్చు దరగల ఒక్కనికే చెల్లించుట మేలు.

పొలమునకును తమస్సుకునకును గల భేదము ఒకటి ఇచ్చట చెప్పక తప్పదు. మంచి విత్తనము మందవలెనే పెరుగును. ఒక కుంచెము విత్తిన పెక్కు కుంచములు పండును, వానిని మఱల విత్తవచ్చును. కాని అయిదెకరముల రైతునకు ఆ పెరుగుదల అయిదెకరములు నిండుటతో నిలిచిపోవును. అటుపిమ్మట ఎరువు వేసి, నీరు కట్టి, ఎంత శ్రమించినను పంట కొంచెము కొంచెముగా, కట్టవలెనే పెరుగును. కొన్నియేండ్లు తగ్గును కూడ. పొలమునకు పొలిమేర కలదు. కాగితముమీది అంకెకు పొలిమేర లేదు. గట్లలోపల పండునది, గట్లు లేకుండ పెరుగుదానిని ఎన్నటికిని తీర్పజాలదు. పంట బాగుగా పండిన యేడు అప్పు తీఱునని కాచుకొని యుండు రైతు ఈ భేదమును చూచుట లేదు. మొదటి మూడేండ్లలో ఒక మంచి పంట తీర్పగల అప్పును, పదవ యేట మూడు మంచి పంటలు కూడి వచ్చినను తీర్పవు.

వడ్డీకి పొలిమేర పెట్టవలెనను తలంపు ఈ దేశమున క్రొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున, ఒకమాఱు పుచ్చుకొను వడ్డీ అసలుకు మించరాదనియు, మొత్తము రెట్టింపు దాటరాదనియు విధి కలదు. ధాన్యము మొదలగువానికి మాత్రము అయిదింతలవఱకు అనుమతి యున్నది. నూటికి నెలకు ఎనుబదవ పాలు, అనగా రూపాయింబావలా, వసిష్ఠుడు విధించిన వడ్డీగా అచ్చట చెప్పబడినది. రెట్టింపు హద్దును బొంబాయి రాష్ట్రపు న్యాయస్థానములు హిందువుల అప్పులలో పాటించుచుండెను. అయితే, వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రము వ్రాసినచో, ఆ మొత్తమే క్రొత్త అసలై, హద్దు దానికి రెట్టింపుగా జరిగిపోవును. పొలిమేరరాతిని పెకలించి ముందునకు నాటినట్లే. తిరగవ్రాత ఎంత బలమైనదో దీనిచే తెలియును.

పొరుగున మద్రాసు రాష్ట్రమున, అనగా సర్కారు, రాయలసీమ జిల్లాల తెలుగు రైతులకు కూడ వర్తించునట్లు, 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చెను. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని అది కొట్టివేసెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో బాకీ తీఱినట్లే యనెను. నిజాము రాష్ట్రమున 1349 ఫసలీలో, అనగా 1939-40లో, ఋణదాతల చట్టము వచ్చెను. చట్టములు వచ్చినవి, లెక్క తెలిసిన రైతునకే అవి ఉపయోగపడినవి. తాను మొదట తెచ్చినది ఎంతయో, నడుమ కట్టినది ఎంతయో చెప్పలేనివానికి, రసీదులు చూపలేనివానికి, ఏ చట్టమైనను చేయగలది స్వల్పము.

పరస్పరసహాయ సంఘములను గూర్చి ఇతర ఉపన్యాసములు కలవు గనుక ఇచ్చట రెండు మాటలు చాలును. జర్మనీ దేశమున రైఫైజెను పల్లెలలో నెలకొల్పిన సంఘముల పద్ధతిని మద్రాసు ప్రభుత్వోద్యోగి ఫ్రెడరికు నికల్సను 1895, 1897 సంవత్సరములలోని తన నివేదికలయందు వివరించెను. 1904లో బ్రిటిషు ఇండియాకు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. సంఘమున తక్కువ దరకు అప్పు దొరకునని రైతులు చేరుదురు. దానికంటె గొప్ప మేలు మఱియొకటి. సంఘమున వాయిదాలు పంటను బట్టి ఏర్పడును, అసలును కొంచెము కొంచెముగా తగ్గును, లెక్క అందఱి యెదుట ఉండును. పైన చెప్పిన మూడవ రైతు త్రోవ అది. అయితే సంఘపు వాయిదాను తప్పించి, క్రొత్త అప్పు తెచ్చి పాతదానికి జమకట్టువాడు సంఘములోను రెండవ రైతే. సంఘములలో పుస్తకములందు మాత్రము వసూలు చూపి, నిజమునకు తిరగవ్రాయుట జరిగిన తావులు లేకపోలేదు.

పొదుపునకు కూడ చక్రము తిరుగును. నూటికి ఏటికి ఆఱు రూపాయల చొప్పున, వడ్డీ తీయక నిలువయుంచినచో, డెబ్బదిరెండు సూత్రమును బట్టి పండ్రెండేండ్లకు రెట్టింపగును. ఇరువదినాలుగు దరకు బాకీపడి, ఆఱు దరకు నిలువచేయువాడు మాత్రము పొరపడుచున్నాడు. ముందు బాకీ, పిదప నిలువ.

తమస్సుకు తిరగవ్రాయవలసి వచ్చిన రైతు ఆ దినమున చేయవలసినది ఇట్లుండవలెను. మొట్టమొదట చేతికి వచ్చిన రూపాయలెన్ని, ఏ తేదీన, ఇందాక కట్టినది ఎంత యని ఒక కాగితముపై వ్రాయించుకొనవలెను. చదువురానివాడు చింతగింజలు వేఱువేఱు కుప్పలుగా పెట్టుకొన్నను సరియే. అసలుకొక కుప్ప, వడ్డీకొక కుప్ప. కట్టగలిగినంత ముందుగా వడ్డీకుప్పను తగ్గింపవలెను. మిగిలిన వడ్డీ యుండకపోదు. దానిని అసలులో కలుపక, "పాత వడ్డీ ఇంత, దీనికి వడ్డీ లేదు" అని క్రొత్త తమస్సుకులో వేఱు పంక్తిగా వ్రాయుమని అడుగవలెను. నిలుకడగా కట్టు రైతును వదులుకొనుటకు ఇష్టపడని సాహుకారులు ఒప్పుకొనుట కలదు. ఒప్పుకొననిచో, ఆ మిగులుపై మూడేండ్లకు ఎంత వడ్డీ పడునో అచ్చటనే లెక్కవేసి వినిపింపుమనవలెను. మొత్తము అంకెలలోనే కాక అక్షరములలోను వ్రాయించి, సాక్షుల యెదుట చదివించుకొనవలెను. కట్టిన ప్రతి రూపాయికిని ఆ దినమే రసీదు పుచ్చుకొనవలెను. మఱునాడు ఇత్తునన్న రసీదు తఱచు రాదు. తుదకు, పాత తమస్సుకుపై చెల్లు వ్రాయించి, దానిని తన చేతికి తీసికొని, ఆ పిమ్మటనే క్రొత్తదానిపై వ్రేలు మోపవలెను.